శుక్రవారం కోసం శనగలన్నీ

మా పెళ్లయి డెబ్బై రోజులు. అందులో పది శుక్రవారాలు, పదీ భీమేశ్వరరావుగారికే పోయాయి. ఆయన మా ఆయన సూర్యకిరణ్ స్నేహితుడు. ఫహాహీల్‌లో బస్సెక్కి, సరిగ్గా భోజనం వేళకు ఫింటాస్‌లోని మా ఫ్లాట్‌లో తేలతారు. ఇక వారానికున్న ఒక్క సెలవూ పోకర్‌కే. డబ్బు పెట్టి ఆడితే ఈ గల్ఫ్ దేశంలో నేరం కాబట్టి వేయించిన శనగలతో ఆడతారు.

ఈ వారం నేనూ కూర్చున్నాను.

"నేను గెలిస్తే నెల్లాళ్ల శుక్రవారాలు మావి. ఇద్దరం సముద్రం ఒడ్డుకి వెళ్తాం."

"నేను గెలిస్తేనో చెల్లెమ్మా?"

"వారం వారం రొయ్యల వేపుడు, అన్నయ్యగారూ."

"ఆయ్! పంచరా కిరణూ!"

గంటలో మా ఆయన గింజలన్నీ పోగొట్టుకుని ముక్కలు పంచే పనిలోకి దిగారు. నా దగ్గర ఇరవై శనగలు, అన్నయ్యగారి దగ్గర నలభై. ఆటాటకీ రెండేసి పెట్టి తీరాలి. మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్తే మా ఆయన వెనకే వచ్చారు.

"మంచి ముక్కల కోసం కూర్చుంటే కరిగిపోతావు. ఇప్పుడే అన్నీ ఒకేసారి తోసెయ్. వాడు భయపడి ముక్కలు పడేస్తే నువ్వే గెలిచినట్టు. పడేయకపోతే నీ ముక్క కలిసిరావొచ్చు."

ఏ ఆటలో తోయాలో మాత్రం చెప్పలేదు. అది అన్నయ్యగారి దవడలు చెప్పాయి. ముక్కలు నచ్చకపోతే ఆయన చెయ్యి తన కుప్పలోకే వెళ్లి, గుప్పెడు గింజలు నోట్లో పోస్తుంది. నచ్చాయంటే నమలడం ఆపి, ఇఖామా కార్డు ఫోటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోతారు.

ఆయన నమిలారు. నా చేతిలో ఏడు, రెండు. అంతకన్నా చెత్త ముక్కలుండవు. అన్నీ తోశాను. ఆయన పడేశారు.

మళ్లీ నమిలారు. మళ్లీ తోశాను.

"ఏంటి చెల్లెమ్మా, ప్రతిసారీ మొత్తమేనా!" అని పడేశారు.

మూడోసారి బిగుసుకుపోయారు. నాకు రెండు జాకీలు. బుద్ధిగా పడేశాను. పక్కనుంచి నా ముక్కలు చూసిన మా ఆయనకు పొలమారింది. అన్నయ్యగారు రెండు రాజుల్ని బల్లమీద కొట్టి, "ఇంత మంచి ముక్కలకి రెండు శనగలా!" అని ఏడుపు మొహం పెట్టారు.

నాలుగోసారి కోపంగా నములుతున్నారు. నాకు తొమ్మిది, నాలుగు. తోశాను.

"ఈసారి వదల్ను," అని తన కుప్పంతా ముందుకు నెట్టారు. అందులో సగం ఎప్పుడో కడుపులోకి వెళ్లిపోయింది. ఇప్పుడు నావే రెండు ఎక్కువ. ముక్కలు తిప్పి చూపించాం. ఆయనకు రాణి, ఆరు. నావాటికన్నా పెద్దవే.

మా ఆయన మధ్యలో ఇద్దరికీ పనికొచ్చే ఐదు ముక్కలు ఒక్కొక్కటే తిప్పారు. మూడు, పది, ఆసు, ఎనిమిది. చివరిది తొమ్మిది, నా తొమ్మిదికి జత!

నేను కుర్చీలోంచి ఎగిరాను. అన్నయ్యగారు ఆ తొమ్మిదిని తిరగేసి మరీ చూశారు.

"ఖలాస్. శుక్రవారాలు మీయే," అని లేచి, గుమ్మం దాకా వెళ్లి ఆగారు. "గురువారం సాయంత్రాలు ఖాళీయేనా చెల్లెమ్మా?"

మా ఆయన నోరు తెరవబోయారు. ఆయన జవాబిచ్చేలోగా చెయ్యి పట్టుకుని, సముద్రానికని మెట్లవైపు లాగాను.