కింది సెన్సర్

పత్తి చేలకు మందు కొట్టే పంపు ఇంజన్ విప్పి హెలికాప్టరుకు బిగిస్తానని హనుమంతు చెప్పినప్పుడు సారక్క నవ్వలేదు. "ఎంత బరువుంటది?" అని మాత్రం అడిగింది.

హనుమంతు ఆదిలాబాద్ జిల్లాలో ఒక బొగ్గుబావి వర్క్‌షాపులో ఫిట్టరు. అతని భార్య సారక్క ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, క్వార్టరు ముందుగదిలో టీవీలు, రేడియోలు బాగుచేసేది. తొంభై ఒకటి ఎన్నికలప్పుడు మంచిర్యాలలో దిగిన హెలికాప్టరును చూసొచ్చిన దగ్గర్నుంచి అతనికి అదే ధ్యాస. మరుసటి చలికాలానికల్లా అల్యూమినియం పైపులతో, సన్నగా చెక్కిన టేకు రెక్కలతో మంచమంత పొడవు బొమ్మ హెలికాప్టరు తయారైంది. ఒళ్లంతా అతను చేశాడు. దాని నరాలన్నీ ఆమె పేర్చింది.

ఆ నరాల దగ్గరే ఇద్దరికీ రోజూ వాదన. తోక గిర్రున తిరగకుండా చూసే జైరోను ఇంజన్ పక్కన పెడితే అదురుకు అదే వెర్రెత్తిపోయేది. హవాయి చెప్పు ముక్క కోసి మెత్తగా వేసి, నడిమి ఇరుసు దగ్గర బిగించాక గాని కుదురుకోలేదు. తర్వాత వేడి సంగతి వచ్చింది. ఇంజన్ ఎంత కాగుతోందో తెలియాలంటే దాని తల మీద ఒక సెన్సర్ ఉండాలి. చుట్టూ గాలి ఎంత వేడిగా ఉందో పోల్చుకోవడానికి ఇంకొకటి కావాలి. సారక్క వేడిని పసిగట్టే, మిరియపు గింజంత థర్మిస్టర్లు రెండు ఏరింది. రెండోదాన్ని తోకకు కడితే ఇంజన్ పొగ తగిలింది. ముక్కుకు కడితే ఎండ తగిలింది.

"కాళ్లకు కట్టు. నీడ ఉంటది, పొగ రాదు" అన్నాడు హనుమంతు.

అట్లా ఆ సెన్సర్ హెలికాప్టరు ముందరి కాలికి, నేలకు రెండు వేళ్ల ఎత్తున చేరింది. రెండింటి తీగలూ సారక్క చేతిలోని మీటరు పెట్టెకు వచ్చేవి. హెలికాప్టరును ఇంకా స్వేచ్ఛగా వదల్లేదు. తాళ్లతో మేకులకు కట్టి, మోకాలెత్తు లేపి, దించేవాళ్లు.

బడి మైదానంలో జనం మూగుతున్నారని ఒక ఆదివారం పొద్దున దాన్ని మూతబడ్డ పాత బొగ్గుబావి పక్కన ఖాళీ జాగకు తీసుకుపోయారు. జాగ అంచున దుర్గవ్వ ఇల్లు. పెనిమిటి బావిలో చనిపోయాక ఆమె ఒక్కతే అక్కడ ఉంటోంది. వీళ్లను చూసి సంబరపడి చాయ పెట్టింది.

హెలికాప్టరు బాగానే లేచింది. బాగానే దిగింది. ఇంజన్ ఆపి, చాయ తాగి వచ్చాక సారక్క మీటరు చూసి ఆగిపోయింది. ఇంజన్ చల్లారింది. కింది సెన్సర్ ముల్లు మాత్రం పైకి పోతోంది.

"నీ సెన్సర్ ఖరాబైంది" అన్నాడు హనుమంతు.

"ఇందాక మంచిగనే ఉండె గదా."

సంచిలోంచి కొత్తది తీసి మార్చింది. అదీ అంతే చూపింది. హెలికాప్టరును రెండు చేతులా ఎత్తి పట్టుకొమ్మంది. ముల్లు దిగింది. మళ్లీ నేల మీద పెట్టించింది. ముల్లు ఎక్కింది. పక్కనే నేల చిన్నగా నెర్రె విచ్చి ఉంది. సారక్క సెన్సరును విప్పి తీగతో సహా ఆ నెర్రెలోకి దింపింది. ముల్లు చివరిదాకా పోయి కొట్టుకుంది.

హనుమంతు మోకాళ్ల మీద కూర్చుని నెర్రె దగ్గర ముఖం పెట్టాడు. కాలిన వాసన తగలగానే గభాల్న లేచాడు.

"సారక్కా, కింద బొగ్గు అంటుకున్నది."

తాము నిలబడ్డ చోటు కింద పాత సొరంగాలున్నాయి. వాటిలో మిగిలిపోయిన బొగ్గు ఎన్నాళ్లుగా కాలుతోందో ఎవరికీ తెలియదు. ఎదురుగా దుర్గవ్వ వాకిట్లో గిన్నెలు తోముతోంది.

"అవ్వా, బయటికి రా! ఉన్నదానివి ఉన్నట్టే రా!" అని హనుమంతు ఉరికాడు.

"ఏమైందిరా, గంత పరేషానైతున్నవ్?"

"నీ ఇంటి కింద నిప్పున్నదే!"

దుర్గవ్వ నవ్వింది. "నిప్పేందిరా? చలికాలమొస్తే నా ఇల్లు ఎచ్చగుంటది. మూడేండ్ల సంది మోకాళ్ల నొప్పులే లేవు. కిందనే పండుకుంట. అమ్మోరి దయ."

సారక్క ఇంజన్ వైపు తీగ పీకేసి, సెన్సరునూ మీటరునూ పట్టుకుని లోపలికి పోయి, దుర్గవ్వ చాప ఎత్తి, సెన్సరును నేలకు ఆనించింది. మీటరు ముసలామెకు చూపింది. ముల్లు ఎక్కుతుంటే దుర్గవ్వ నవ్వు మెల్లగా ఆగింది. చాప వంక చూసింది. తన అరచేయి నేలకు ఆనించి, వెంటనే వెనక్కు లాక్కుంది. అంతవరకు రోజూ తాకిన నేలే అది.

"గిన్నొద్దులు నేను దీని మీద పండుకున్ననా?" అంది.

ఇద్దరూ ఆమెను చెరో రెక్క పట్టుకుని రోడ్డు దాకా తెచ్చారు. హనుమంతు హెలికాప్టరు కోసం వెనక్కి తిరిగాడు. నాలుగడుగులు వేశాడో లేదో, సారక్క అతని చొక్కా పట్టి గుంజింది. నేల లోపల ఏదో బరువైనది జారినట్టు చప్పుడైంది. మేకులు నాలుగూ లోపలికి వంగాయి. హెలికాప్టరు ఒక పక్కకు ఒరిగింది. తర్వాత దాని కింద మట్టి నిశ్శబ్దంగా దిగిపోయింది. టేకు రెక్క ఒకటి గుంత అంచున క్షణం నిలిచి, అదీ పోయింది. తెల్లటి పొగ లేచింది.

హనుమంతు తన చేతుల వంక చూసుకుంటూ నిలబడ్డాడు.

మధ్యాహ్నానికి కబురందిన గని ఆఫీసర్లు జీపుల్లో వచ్చి ఆ జాగ చుట్టూ తాళ్లు కట్టారు. మంట ఆర్పడానికి బోర్లు వేసి, లోపలికి ఇసుకా నీళ్లూ పంపారు. ఆ వారంలోనే దుర్గవ్వ ఇంటి వెనక గోడ కుంగింది. ఆమెకు కాలనీలో ఖాళీ క్వార్టరు ఇచ్చారు. అక్కడ గచ్చు చల్లగా ఉన్నా ఆమె రాత్రంతా మంచం మీదే కూర్చునేది. కాళ్లు కింద పెట్టమంటే భయపడేది.

పాత బావి వైపున్న రెండు వీధుల జనం సారక్క గుమ్మంలో నిలబడ్డారు. "జర మా ఇల్లు గూడ చూడు బిడ్డా" అని బతిమాలారు. హనుమంతు సన్నటి ఇనుప చువ్వలు చేసిచ్చాడు. ఆమె వాటి మొనకు సెన్సర్లు బిగించి, ఇల్లిల్లూ తిరిగింది. ముల్లు కదిలినంత సేపూ ఇంటివాళ్లు ఊపిరి బిగపట్టేవాళ్లు. వాళ్లలో గంగయ్య ఇంట్లో, వంటగది మూలలో, అది మళ్లీ ఎక్కింది. గంగయ్య భార్య పొయ్యి మీది అన్నం అట్లాగే వదిలి, పిల్లను చంకనేసుకుని వీధిలోకి వచ్చింది.

సాయంత్రం సొంత ఇంటికి వచ్చాక సారక్క చువ్వ భర్తకు ఇచ్చి, మీటరు వైపు చూడకుండా గోడకు తిరిగి నిలబడింది.

"సల్లగనే ఉన్నది" అన్నాడు హనుమంతు. మీటరు ఆమె ముందుకు చాపి, "చూడు, నేను అబద్ధం చెప్తలే" అన్నాడు.

ఆమె అక్కడే గచ్చు మీద కూలబడి, ఆ రోజు మొదటిసారి ఏడ్చింది.