మేస్టారి కత్తెర

బడి ఉద్యోగం మానేశాక లస్కోంబ్ మేస్టారికి పాత మాటల పిచ్చి పట్టుకుంది. పట్నంలో పండితులు మహా నిఘంటువు ఒకటి కూరుస్తుంటే, ఇంగ్లండులో డెవన్ ప్రాంతపు పల్లెలో కూర్చున్న ఈయన పాత పుస్తకాలు గాలించి, దొరికిన మాటను వాక్యంతో సహా చీటీకి అతికించి పంపేవాడు. ఆయన వంతుకు మంత్రగత్తెల మాటలూ మాంత్రికుల మాటలూ వచ్చాయి. మంత్రగత్తెను చెప్పే ‘విచ్’ అన్న చిన్న మాటను పూర్వులు ఎవరి చేతికొచ్చినట్టు వాళ్ళు రాసి పెట్టారు. ఒకడు ‘ఐ’ ఉండాల్సిన చోట ‘వై’ పెట్టాడు, ఇంకొకడు చివర ‘ఇ’ తగిలించాడు. ‘మ్యాజిక్’కేమో ‘కె’ తోక. అలాంటిదొకటి దొరికితే మేస్టారికి ఆ పూట తిండి కూడా గుర్తుండేది కాదు.

చూపు మందగించింది గనక ఆయన చూసి రాసే బాధ పెట్టుకోలేదు. అచ్చుపుస్తకాలను కత్తిరించి అంటించేవాడు. ఆ పనిలో ఉన్నవాళ్ళు చాలామంది అలాగే చేసేవారు.

అయితే ఎదురింటి థిర్జా హానఫర్డ్ ఇచ్చింది అచ్చుపుస్తకం కాదు. వాళ్ళ వంశంలో చేతులు మారుతూ వచ్చిన మంత్రాల రాతప్రతి.

“ఊళ్ళన్నీ వెతికి చివరికి మంత్రగత్తె గుమ్మంలోకే వచ్చారన్నమాట!” అని నవ్వింది థిర్జా. “మీ మాటలు మీరు ఏరుకోండి మేస్టారూ. తీరిగ్గా ఒకరోజు కాలిన గాయం మాన్పే మంత్రం నాకు చదివి వినిపించండి, చాలు. నాకు చదువు రాదు. ఆడదానికి ఆ మంత్రం మగాడి నోటి నుంచి వింటేనే పనిచేస్తుంది. మా నాన్న చెప్పకుండానే పోయాడు.”

మేస్టారు సరేనన్నాడు. మొదట బుద్ధిగా చూసి రాశాడు. కళ్ళు మండాయి. ఈ ఒక్కటే అనుకుని కత్తెర తీశాడు. తప్పని తెలుసు, తెలిసీ చెయ్యి ఆగలేదు. ముక్కలన్నీ టపాలో వెళ్ళిపోయాయి. థిర్జా ఎదురుపడినప్పుడల్లా ఇంకా చూస్తున్నానమ్మా అని తప్పించుకునేవాడు.

ఒక మధ్యాహ్నం ఆమె పరుగున వచ్చింది.

“మేస్టారూ, మా మనవరాలు మరిగే నీళ్ళు మీద పోసుకుంది! చెయ్యంతా బొబ్బలే. పుస్తకం తియ్యండి, ఇప్పుడే చదవండి!”

ఆయన పుట వెతికాడు. రెండు పంక్తులు చదివి ఆగిపోయాడు.

“ఆగారేం?”

“ఇక్కడ కాగితం లేదమ్మా.”

“ఎలుకలు కొట్టాయా?”

“నేనే కోశాను. నాక్కావలసిన మాట ఈ కాగితం వెనకవైపు ఉంది. దాంతోపాటు ఇదీ పోయింది.”

థిర్జా ఆ చిల్లుల వైపు చూస్తూ నిలబడింది. తిట్టలేదు. తిడితే బాగుండునని మేస్టారికి అనిపించింది.

“పోనీ, కొయ్యకముందు చదివే ఉంటారుగా. గుర్తున్నంత చెప్పండి. తప్పులు దొర్లినా సరే.”

“చదవలేదు థిర్జా. ఇటువైపు నాక్కావలసిన మాట లేదు.”

ఆమె పుస్తకాన్ని పైగుడ్డలో చుట్టుకుంది.

“వెన్న రాసి చూస్తాను,” అని వెళ్ళిపోయింది.

ఎదురింట్లోంచి పిల్ల ఏడుపు సాయంత్రం దాకా వినబడుతూనే ఉంది. మేస్టారు కిటికీ వేద్దామని లేచాడు. చెయ్యి రాలేదు. తెరిచిన కిటికీ ముందే కూర్చుండిపోయాడు.