భూమన్న ఇంటి రాగి బాయిలర్

నేను ఒక రాగి బాయిలర్‌ను. కంచరి సుత్తి దెబ్బలు తిని, నడుమ నిప్పు గొట్టం, పక్కన కుళాయి పెట్టించుకొని ఆదిలాబాద్‌లో భూమన్న ఇంటికి చేరాను. పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసే భూమన్న, అప్పుడే పుట్టిన కూతురి స్నానానికని నన్ను కొన్నాడు. మనుషులకు నా మీద ప్రేమ కార్తీకంలో పుట్టేది. చలి శివశివా అంటూ పోగానే అదీ పోయేది. ఎండాకాలమంతా నా మీద తడిబట్టలు ఆరేసేవారు.

కూతురు సుగుణకు మాత్రం చలికాలమంటే పండగే. తెల్లారకముందే లేచి, గొంగడి చుట్టుకొని నా పక్కన చేరేది. భూమన్న పత్తికట్టెలు విరిచి గొట్టంలో వేస్తుంటే నోటినుంచి ఆవిరి వదిలి, "బాపూ, నేను బీడీ తాగుతున్న సూడు!" అనేది. ఆయన నవ్వీ నవ్వీ దగ్గేవాడు.

నవ్వకపోయినా ఆ దగ్గు రావడం మొదలయ్యేసరికి సుగుణ అంగన్‌వాడీ టీచరయింది. ఏళ్లుగా పీల్చిన పత్తి దుమ్ము ఊపిరితిత్తులను తినేసిందన్నారు డాక్టర్లు. చలి ముదిరితే ఆయనకు ఊపిరాడేది కాదు. నా పొగ సోకితే మరీనూ. దీపావళి దాటగానే సుగుణ ముఖం వాడిపోయేది. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కేది. నన్ను పెరటి మూలకు నెట్టి, నీళ్లు గ్యాసు పొయ్యి మీద కాచేది.

ఒక పొద్దున ఆయన గోడ పట్టుకొని నా దాకా వచ్చాడు.

"ఒక్కపారి రాజెయ్యి బిడ్డా. జర చేతులు కాపుకుంట."

"వద్దు బాపూ. పొగ నీకు పడది. లోపలికి నడువ్."

చల్లటి నా ఒంటిమీద కాసేపు చెయ్యి ఉంచి, ఆయన లోపలికి వెళ్లాడు.

పుష్యమాసంలో పోయాడు. చివరి స్నానానికి నీళ్లు కావాలని ఆయన చెల్లెలు గంగవ్వ నన్నే రాజేసింది. పొగ వాకిలంతా కమ్మింది. ఎవరూ దగ్గలేదు. వేడి చూడమంటే సుగుణ బకెట్లో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది.

"తియ్యవే, చెయ్యి కాల్తది!" అంటూ గంగవ్వే లాగింది. కందిపోయిన ఆ చేతిని సుగుణ ఇంకెవరిదో అన్నట్టు చూసింది.

మరుసటి చలికాలం నన్ను పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. అతను నన్ను బండికి కడుతుంటే పక్కింటి సువర్ణ శాలువాలో వణుకుతూ వచ్చింది.

"ఏందక్కా, ఇంత చలిల స్వెటర్ గూడ ఏసుకోలే?"

సుగుణ నిజంగానే తెలియక అడిగింది:

"చలి పెడ్తున్నదా?"

బండి కదిలింది. సువర్ణ ఏమందో నాకు వినపడలేదు.