అర కింద పట్టని మానిటర్

పిల్లల బొమ్మల పుస్తకాలకు పేజీలు అమర్చడం ఆ ఇంటి కోడలి పని. కిందటి పుస్తకంలో పిల్లి కాళ్ళ మీదికి అక్షరాలు ఎక్కి కూర్చున్నాయి. పాత మానిటర్‌కు వెడల్పే గానీ ఎత్తు లేదు. పేజీ తల చూస్తే అడుగు కనబడదు, అడుగు చూస్తే తల కనబడదు. పుస్తకం వేసిన ఆవిడ మంచిది కాబట్టి, "ఏమ్మా, పిల్లి కూర్చుందా, కాళ్ళే పోయాయా?" అని నవ్వేసి, ఇంకో పుస్తకం చేతిలో పెట్టింది. ఈసారీ తప్పు దొర్లితే ఏ ముఖం పెట్టుకుని వెళ్తుంది? అందుకే కొత్త మానిటర్ కొనాలనుకుంది.

మరిది ఆటల పిచ్చోడు. "వదినా, ఇంకా సాగదీసినట్టుండేది కొనెయ్. హాల్లో ముందు వరసలో కూర్చున్నట్టుంటుంది!"

"నేను చూసేది సినిమా కాదు బాబూ. రెండు పేజీలూ తలా తోకా తెగకుండా కనబడాలి."

కొనేముందు అట్టపెట్టె కోసి రెండు ఉత్తుత్తి మానిటర్లు చేసింది. ఒకటి వెడల్పు పదహారుకు ఎత్తు తొమ్మిది, ఇంకోటి మూడుకు రెండు. వాటి మీద పేజీలు పక్కపక్కన అతికించి చూసింది. మొదటిదాంట్లో పేజీలు చిన్నబోయాయి, రెండు పక్కలా చోటు ఊరికే పడి ఉంది. మూడుకు రెండులో పేజీలు ఒళ్ళు విరుచుకుని కూర్చున్నాయి. ఆమె ప్రాణం దాని మీదికే పోయింది.

తీరా ఆ అట్టను బల్ల మీద నిలబెట్టబోతే, పైనున్న చెక్క అర అడ్డొచ్చింది.

ఆ అర మామగారు కోడలి కోసమే చేసింది. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక ఆయనకు చెక్కపని మీద మోజు పుట్టింది. ఆయన చేసిన స్టూలెక్కితే ఊయలెక్కినట్టే. వంకర లేకుండా వచ్చింది ఈ అర ఒక్కటే. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళు ఇవ్వకముందే లాక్కొచ్చి చూపిస్తారు. దాన్ని తీసెయ్యమని ఎలా అడుగుతుంది? అర కింద పట్టేలా అట్ట పైనుంచి ఒక బద్ద కోసి చెత్తబుట్టలో పడేసింది.

"వెడల్పుదే బాగుంది లెండి," అంది అందరితో.

మామగారు అట్ట చేతిలోకి తీసుకున్నారు. "పైన కోత పడిందేమ్మా?"

"కొలత తప్పింది మామయ్యా."

ఆయన "ఊఁ" అని, తలెత్తి అర వైపు చూశారు.

మర్నాడు సాయంత్రం, వెడల్పుదానికే ఆర్డరు చెప్పేద్దామనుకుంటూ ఆమె ప్రెస్సు నుంచి ఇంటికొచ్చింది. గదంతా గోడ సున్నం రాలి ఉంది. అర జానెడు పైకి వెళ్ళింది. దాని కింద ఎత్తు అట్ట నిటారుగా నిలబడి ఉంది. కోసిన బద్దను టేపుతో మళ్ళీ అతికించారు. దానికంటిన టీపొడి కూడా అలాగే ఉంది.

"ఉన్న ఒక్క తిన్ననిదాన్నీ వంకర చేశారు మీ మామయ్య," అంది అత్తగారు. నిజమే, అర ఎడమ కొస కిందికి వాలింది.

"నా అర కోసం నీ పని కుదించుకుంటావా?" అన్నారాయన, వేళ్ళకంటిన సున్నం దులుపుకుంటూ. "బస్సు ముందద్దం సగం మూసి నడపమంటే నడిపేవాణ్ణా నేను?"

ఆమె అట్ట మీది టేపు అతుకును వేలితో నిమిరింది.

"ఆ వంకర రేపు సరిచేస్తాలే."

"ముట్టుకోకండి మామయ్యా! అది అలాగే ఉండాలి."

మూడుకు రెండు మానిటర్ వచ్చింది. కొత్త పుస్తకంలో రెండు పేజీలూ నిండిన ఏనుగును తెరిచింది. మామగారు వెనక నిలబడి వేలు పెట్టి మరీ కాళ్ళు లెక్కపెట్టారు.

"నాలుగూ ఉన్నాయమ్మోయ్!"

అర మీంచి పెన్సిలు దొర్లుకుంటూ వచ్చి బల్ల మీద పడింది. ఆమె నవ్వుకుని, దాన్ని తీసి మళ్ళీ అక్కడే పెట్టింది.