లక్కముద్ర వేసిన దావా

లోవమ్మ దావా వేసినప్పుడు ఊరంతా నవ్వింది. చేపలమ్ముకునే మనిషి రేవు వేలం పాటదారు పెదబాబుగారి మీద రాజమండ్రి మునసబు కోర్టుకెక్కడమేమిటని. జనాన్ని ఏరు దాటించే పెదబాబుగారి పంటికి నడి గోదావరిలో అడుగు చెక్క ఊడితే, దాన్ని నడుపుతున్న ఆమె మొగుడు అమ్మిరాజు నీళ్లపాలయ్యాడు. పంటిని ఒడ్డుకి ఈడ్చారు, మనిషి మాత్రం దొరకలేదు. సుడి లాగేసిందన్నాడు పెదబాబు. కానీ ఊరివాళ్లెవరూ కోర్టులో లేని పూట బోనెక్కిన పంటి వడ్రంగి నిజం చెప్పేశాడు. చెక్కలు పుచ్చాయని తాను ముందే చెప్పానని, మార్చకుండా పైన తారు పూయమన్నారని.

పెదబాబుది అందితే జుట్టు, అందకపోతే కాళ్లు పట్టుకునే రకం. మర్నాడే రాజీకొచ్చాడు. లోవమ్మకు కొత్త నావ, వల ఇస్తాడు. బదులుగా దావా కాగితాలన్నిటికీ లక్కముద్ర వెయ్యాలి, ఎవరికీ నకలివ్వకూడదు, ఆ సంగతి లోవమ్మ ఎక్కడా ఎత్తకూడదు. ఎత్తితే నావ వెనక్కి. మునసబుగారు సరేనని ఆర్డరు వేశారు. ఇంట్లో ఆడపిల్లలు పస్తులున్నారు. లోవమ్మ ఒప్పుకుంది. నీతులు చెప్పేవాళ్లు ఆ ఇంట్లో ఒక్క పూట పస్తుండి చెప్పాలి.

వడ్రంగి ఆ వేసవిలోనే కలరా తగిలి పోయాడు. పంటి మళ్లీ తారు పూసుకుని నిగనిగలాడుతూ రేవులోకొచ్చింది.

ఏటి నడుమ లంకలో పొగాకు వేసే బుల్లబ్బాయి రోజూ ఆ పంటి మీదే దాటాలి. అతని భార్య పాపాయి ఓ పొద్దున చేపలు కొనే నెపంతో లోవమ్మ గుమ్మంలోకొచ్చింది.

“ఆ దావాలో ఏం తేలింది లోవమ్మా? పంటి మంచిదేనా?”

“కోర్టోరి ఆర్డరండి. నేను సెప్పకూడదు,” అంది లోవమ్మ, చేపలు తోముతూ, తలెత్తకుండా.

బుల్లబ్బాయి రాజమండ్రి వెళ్లి నకలడిగాడు. కక్షిదారు కానివాళ్లకు ఇవ్వడం కుదరదన్నాడు గుమాస్తా. లోవమ్మే అర్జీ పెట్టుకుంటే ముద్ర విప్పుతారేమోనన్నాడు. అతను తిరిగొచ్చి రేవులో అందరికీ తేల్చి చెప్పాడు.

“కోర్టోళ్లు అంతా చూసి మూట కట్టారంటే అందులో ఏమీ లేదన్నమాటే. ఉంటే పంటిని తిరగనిస్తారా?”

జనానికి అది సబబుగానే తోచింది. విన్న లోవమ్మకు మాత్రం నిజం తెలుసు. ప్లీడరు జగన్నాథరావుగారి దగ్గరికి పరుగెత్తింది.

“అర్జీ పెట్టొచ్చు. నావ మీద ఆశ వదులుకో మరి,” అన్నాడాయన.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పులసల రోజులు దాటాక పెడదాంలే అనుకుంది. పిల్లల కంచంలో మెతుకులు చూసినప్పుడల్లా అదే అనుకుంది. తప్పని ఆమెకు తెలుసు. భయం అంతకంటే పెద్దదైంది.

శ్రావణంలో వరద ఎర్రనీరు పోటెత్తిన రోజు పంటి అడుగు మళ్లీ ఊడింది. ఎక్కినవాళ్లలో సగం మంది తిరిగి రాలేదు. లోవమ్మ తన కొత్త నావ వేసుకుని చీకటిపడేదాకా వెతికింది. బుల్లబ్బాయి శవం ఆ నావలోనే ఒడ్డు చేరింది.

ఒడ్డున కూలబడిన పాపాయి కాళ్ల దగ్గర లోవమ్మ పడిపోయింది. పుచ్చిన చెక్కల సంగతి, తారు సంగతి అంతా కక్కేసింది. పాపాయి ఏడుపాపి విన్నది.

“ఇంతేనా?” అంది. “ఈ ముక్క కోసమా ఆయన కోర్టు దాకా తిరిగింది? ఆ రోజు నువ్వు తల అడ్డంగా ఊపినా చాలేది కదే. నకలు నేనడిగానా నిన్ను?”