కూరలకు చాలుతుందా

భర్త శివరామ్ పోయిన రోజున అంబులెన్సు డ్రైవరు చెయ్యి చాపితే, ఇంద్రజ చేతిసంచిలో నలభై రూపాయలే ఉన్నాయి, కూరలకిచ్చిన డబ్బులో మిగిల్చుకున్నవి. తక్కింది పక్కింటి హైమక్క ఇచ్చింది. పదిహేడేళ్లుగా జీతం తెచ్చుకునే టీచరమ్మ దగ్గర ఇంతేనా అని ఆమె అడగలేదు. అడగకపోవడమే ఇంద్రజకు తగిలింది.

జీతం పడే కార్డు పెళ్లయిన నెల నుంచీ భర్త జేబులోనే ఉండేది. టోకు కొట్లో లెక్కలు రాసే మనిషి, ఆయనకు తెలియనిదేముందని ఆమె కూడా అనుకుంది. బస్సుకని రోజుకు ఇరవై రూపాయలు ఇచ్చేవాడు. ఆడవాళ్లకు బస్సు ఉచితమైన మర్నాడే అదీ ఆగింది. "బస్సోడే ఊరికే ఎక్కించుకుంటా ఉంటే ఇంకేంటికి నీకు దుడ్లు?" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ శుక్రవారం బడిలో ఎప్పటిలాగే ఏడో తరగతి పిల్లలకు పొదుపు పాఠం చెప్పింది. ‘మీ డబ్బు ఎక్కడుందో మీకు తెలిసి ఉండాలి’ అని బోర్డు మీద గుండ్రంగా రాసింది.

కర్మలన్నీ అయ్యాక, తాముండే వ్యాసర్పాడిలో, వంతెన దగ్గరి ఏటీఎంలో ఆ కార్డు పెట్టింది. పదకొండేళ్ల కూతురు సింధూరి పక్కనే నిలబడి ఉంది. పిన్ నంబరు అడిగితే పెళ్లి అయిన సంవత్సరం కొట్టింది. తప్పు. ఆయన పుట్టిన సంవత్సరం కొట్టింది. తప్పు. వెనక ఎవరో అరవంలో "సీక్రం మా" అని, త్వరగా కానిమ్మని విసుక్కున్నారు.

"జరుగమ్మా," అంటూ సింధూరి నాలుగు అంకెలు టకటకా నొక్కింది.

నోట్లు వచ్చాయి. కూతురే తీసి, రెండుసార్లు లెక్కపెట్టి, తన బడిసంచిలో పెట్టుకుంది.

"నీకెట్లా తెలుసే?"

"నాయనే నేర్పించినాడు. ఆదివారమైతే నన్నే గదా ఈడికి పిల్చుకొచ్చేది. దుడ్లు ఎట్లా చూసుకోవాలో ఇప్పుట్నించే నేర్చుకో అన్నాడు."

"మరి నాకు చెప్పలేదే?"

"మీ అమ్మకు చెప్పొద్దు, ఆమె చేతిలో నిలవదు అన్నాడు."

పిల్ల గొంతులో పొగరు లేదు. ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పింది. సంచిలోంచి ఒక రెండు వందల నోటు తీసి, అచ్చం వాళ్ల నాన్నలాగే నిలువుగా మడిచి చాపింది.

"ఇదో, కూరలకు. చాలుతుందా?"

ఇంద్రజ ఆ మడత విప్పి, నోటును అరచేత్తో చదును చేసింది. "ఆ సంచి ఇట్లా ఇయ్యి, సింధూ," అంది. పిల్ల తటపటాయించి ఇచ్చింది.

మర్నాడు బ్యాంకుకు వెళ్లి పిన్ నంబరు మార్పించుకుంది. శుక్రవారం ఏడో తరగతికి పాఠం చెప్పింది. కొత్త నంబరు సింధూరికి ఇంకా చెప్పలేదు.