అర్ధరాత్రికి అవతలి వరుస

మా ఆయన ఉలకడు, పలకడు. బెల్లం కొట్టిన రాయి. నాకేమో నోట్లో నువ్వుగింజ నానదు. ఇద్దరం ఒకే మందుల గోదాములో కంప్యూటర్ ఆపరేటర్లం. సాయంత్రం షిఫ్టు ఆయనది, తెల్లవారుజాము షిఫ్టు నాది. ఆయన ఇంటికొచ్చేసరికి నేను నిద్రలో ఉంటాను, నేను బయల్దేరేసరికి ఆయన నిద్రలో ఉంటాడు. మధ్యాహ్నం నేను గడపలో అడుగుపెడుతుంటే ఆయన చెప్పులేసుకుంటూ ఉంటాడు. అదే మా కాపురం.

గోదాములో గాజు గదిలో బీరువా అంత మెషీన్ ఉంది. రోజూ రాత్రి దానికో పెద్ద పని అప్పగిస్తాం. మర్నాడు ఏ మందుల పెట్టె ఏ వ్యాన్‌లో వెళ్ళాలో తేల్చే బ్యాచ్ పని. అది ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో మెషీన్ తన హిస్టరీ లాగ్‌లో వరుసలుగా రాసుకుంటుంది. పొద్దున్నే వెళ్ళి ఆ లాగ్‌లో 'ముగిసింది' అన్న వరుస చూడటం నా వంతు. అది చూశాకే వ్యాన్లకు పెట్టెలెక్కిస్తారు.

ఆ లాగ్‌లోకి మేమూ ఓ మాట పంపొచ్చు. టేపు మార్చామనో, ప్రింటర్ మొరాయించిందనో చెప్పుకోవడానికి పెట్టిన సౌకర్యం అది. మేం దాన్ని సంసారానికి వాడుకున్నాం. పని మొదలుపెట్టి ఇంటికి బయల్దేరేముందు ఆయన ఓ వరుస వదిలేవాడు. 'వాన పడేలా ఉంది. నా గొడుగు బల్ల కింద పెట్టాను.' 'నిన్న నిద్రలో నవ్వావు. ఎందుకు?' ఇంట్లో ముక్తసరిగా కూడా మాట్లాడని మనిషి తెర మీది ఆ ఆకుపచ్చ అక్షరాల్లో ఎంత దగ్గరగా ఉండేవాడో. మెషీన్ సన్నని హోరు వింటూ ఆ వరుసలు చదువుతుంటే, ఆయన నిద్రమత్తులో నా పక్కనే కూర్చుని చెబుతున్నట్టుండేది.

పోయిన నెల అనాథ పిల్లల ఆశ్రమానికి వెళ్ళాం. నాలుగేళ్ళ పాప ఒకతె నా వేలు పట్టుకుని వదల్లేదు. అప్పట్నుంచీ రోజూ నా కలలోకి వస్తోంది. ఉత్తి కాళ్ళతో మా ఇల్లంతా తిరుగుతుంది, తలుపుల వెనక దాక్కుంటుంది, వెతికేలోపు తెల్లారిపోతుంది. పెంచుకోవడానికి అన్నీ కుదిరాయి, మా ఆయన మాట తప్ప. ఎప్పుడడిగినా "చూద్దాం" అంటాడు. మౌనం అర్ధాంగీకారమంటారు. మిగతా సగం నేనెక్కణ్ణుంచి తేను? ఇవాళ మధ్యాహ్నంలోగా మేం ఏ సంగతీ చెప్పకపోతే, మా వెనక ఎదురుచూస్తున్న దంపతులకు పాపని ఇచ్చేస్తారు.

నిన్న ఆయన గడప దాటుతుంటే అడ్డంగా నిలబడ్డాను.

"ఇవాళ తేల్చెయ్. నోరు రాకపోతే లాగ్‌లో రాయి. రాయలేదంటే వద్దన్నట్టే లెక్క."

"సరే" అన్నాడు, చెప్పు పట్టీ సరిచేసుకుంటూ.

తెల్లవారాక లాగ్ తెరిచాను. గాజుకి అవతల వెలుగు ఇంకా పలచగా, పాలలా ఉంది. వరుసలు ఒక్కొక్కటీ నీళ్ళలోంచి తేలినట్టు పైకొచ్చాయి. 'పని ముగిసింది' కనబడింది. ఆయన మాట లేదు. పైకి జరిపాను, కిందికి జరిపాను. లేదు.

వ్యాన్ డ్రైవరు అద్దం మీద కొట్టాడు. "అయిందా అక్కా?"

"అయింది. ఎక్కించుకోండి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్క అక్షరం రాయడానికి కూడా చేతులు రాలేదా? ఆశ్రమం తెరిచే వేళ అయ్యేదాకా ఆగి, అక్కడి పెద్దావిడకి ఫోన్ చేశాను.

"మాకు కుదరదండీ."

"బాగా ఆలోచించుకున్నావా అమ్మాయ్?"

"ఆలోచించడానికేం మిగల్లేదు."

ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది. గాజు గది కదా, మెషీన్ వైపు తిరిగి ఏడ్చాను. కళ్ళు మూసుకుంటే పాప మళ్ళీ మా ఇంట్లోనే తిరుగుతోంది. ఈసారి దాక్కోలేదు. గది మధ్యలో నిలబడి, ఎవరూ వెతకడానికి రారేమని చూస్తోంది. అలా ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

మధ్యాహ్నం దగ్గరపడ్డాక రిపోర్టు పని ముందేసుకున్నాను. రాత్రి పనికి ఎంతసేపు పట్టిందో అందులో రాయాలి. ముగిసిన వరుస ఉంది, మొదలైన వరుస లేదు. మొదలవకుండా ముగిసే పని ఎక్కడైనా ఉంటుందా?

అప్పుడు వెలిగింది నా బుర్ర. తేదీ చెప్పకుండా అడిగితే లాగ్ ఇవాళ్టి వరుసలే చూపిస్తుంది. అర్ధరాత్రికి అవతల జరిగింది కావాలంటే నిన్నటి తేదీ వేసి అడగాలి. మా ఆయన రోజూ పని మొదలుపెట్టేది అర్ధరాత్రి దాటాకే, అందుకని నాకు ఆ అవసరమే పడేది కాదు. నిన్నటి తేదీ కొట్టాను.

'పని మొదలైంది.' దాని కిందే ఆయన వరుస.

'తెచ్చుకుందాం. కొత్త చోట భయపడుతుందేమో, మంచం మన గదిలోనే వేద్దాం. ఎంత మంచం పడుతుందో కొలవాలి. అందుకే ఇవాళ పని ముందే మొదలుపెట్టి వెళ్తున్నా.'

ఎన్నాళ్ళగానో అడుగుతున్న జవాబు రాత్రంతా అక్కడే ఉంది. నేను పాపని వద్దనేశాను. ఫోన్ అందుకున్నాను, నంబరు రెండుసార్లు తప్పు నొక్కాను.

"అమ్మగారూ, పాపని ఇచ్చేశారా?"

"ఎలా ఇస్తానమ్మా" అందావిడ నిట్టూరుస్తూ. "నువ్వు ఫోన్ పెట్టేసిన కాసేపటికే మీ ఆయనొచ్చాడు. నువ్వు వద్దన్నావని చెప్పాను."

"ఏమన్నాడు?"

"'తను నిన్నటి తేదీ వేసి చూసుకుని ఉండదు. చూసుకుంటుంది. అందాకా కూర్చుంటాను' అన్నాడు. అదేం తేదీయో నాకు బోధపడలేదు. పోనీ నీకే ఫోన్ చెయ్యమంటే, 'ఫోన్లో నాకు మాటలు రావు' అన్నాడు. అవతలి వాళ్ళకి కబురు చేద్దామని లేస్తే, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకున్నాడు."

"పాప?"

"ఆయన ఒళ్ళోనే నిద్రపోయింది."

"ఆయన్ని అక్కడే ఉండమనండి. వస్తున్నాను."

"కదిలితే కదా" అందావిడ.